చక్రాలు నేర్పిన లయ



1864లో లండన్ నగరానికి ఒక చట్టం వచ్చింది. వీధిలో వాయించే వాద్యం వల్ల ఇంట్లో పని సాగకపోతే, ఇంట్లో జబ్బుమనిషి ఉంటే, వాయించేవాణ్ణి అక్కణ్ణించి వెళ్లిపొమ్మనే హక్కు ఆ చట్టం ఇంటివాడికి ఇచ్చింది. పార్లమెంటులో బిల్లు పెట్టింది మైఖేల్ బాస్. దాని కోసం ఏళ్ల తరబడి పోరాడినవాళ్లలో ముందు వరసలో నిలిచింది చార్లెస్ బాబేజ్. లెక్కలు చేసే యంత్రాన్ని ఊహించి, నక్షాలు గీసి, పూర్తిగా కట్టలేకపోయినా బతుకంతా దానికే ధారపోసిన ఆ బాబేజే. వీధి వాద్యాల రొద వల్ల తన పనిశక్తిలో నాలుగో వంతు నాశనమైపోయిందని అదే ఏడాది వచ్చిన ఆత్మకథలో రాసుకున్నాడు.

ఆయన్ని అంతగా వేధించిన వాద్యాల్లో ముఖ్యమైనది బారెల్ ఆర్గన్. భుజానికి తగిలించుకునో, బండి మీద పెట్టుకునో వీధివీధీ తిరుగుతూ, పిడి తిప్పి పాట పలికించే పెట్టె అది. మూత తీస్తే లోపల ఒక కొయ్య పీపా ఉంటుంది. దాని ఒంటినిండా సన్నటి మేకులు, అక్కడక్కడా తీగముక్కలు. పిడి తిప్పుతుంటే పీపా నెమ్మదిగా తిరుగుతుంది. ఒక మేకు వచ్చి ఒక మీటను ఎత్తుతుంది. మీట లేవగానే గొట్టంలోకి గాలి వెళ్తుంది, స్వరం పలుకుతుంది. పొట్టి స్వరానికి మేకు, పొడుగు స్వరానికి తీగముక్క. పాట మొత్తం ఆ మేకుల అమరికలోనే ఉంది. తిప్పేవాడికి సంగీతం రానక్కర్లేదు.

ఇప్పుడు బాబేజ్ తన అనలిటికల్ ఇంజిన్ అనే లెక్కల యంత్రానికి గీసుకున్న నక్షాల దగ్గరికి వద్దాం. ఆ యంత్రంలో ఏ చక్రం ఎప్పుడు కదలాలి, ఎప్పుడు ఆగాలి అని చెప్పేవి నిలువుగా నిలబెట్టిన పీపాలు. వాటి ఒంటినిండా కూడా మేకులే. పీపా ఒక మెట్టు తిరిగితే ఒక వరస మేకులు మీటల్ని నెడతాయి, ఆ నెట్టుడుకు కూడికో తీసివేతో మొదలవుతుంది. ఆయన కిటికీ కింద మోగుతున్నదీ, ఆయన బల్ల మీద కాగితంలో ఉన్నదీ ఒకే వంశం యంత్రాలు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. లెక్కల యంత్రం పుట్టడానికి చాలా ముందే, ఒక పనిని గుర్తుపెట్టుకుని తిరిగి చెయ్యడం యంత్రానికి నేర్పింది సంగీతమే.

ఇది మాటవరసకి అంటున్నది కాదు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో బనూ మూసా సోదరులు నీటిబలంతో దానంతట అదే వాయించే వాద్యాన్ని వర్ణించారు; అందులోనూ మేకుల పీపా ఉంది. 1738లో పారిస్‌లో జాక్ ద వొకాన్సన్ మనిషంత బొమ్మ చేత నిజమైన ఫ్లూట్ వాయింపజేశాడు. కొన్నేళ్లకే ఆయన్ని ఫ్రాన్స్ ప్రభుత్వం పట్టు పరిశ్రమ మీద నియమిస్తే, అదే తెలివిని మగ్గానికి పెట్టాడు. ఆ మగ్గాన్ని చూసి, మార్చి, మెరుగు పరిచినవాడు జకార్డ్. ఆయన వాడింది కన్నాలు పొడిచిన అట్టలు. ధర్మవరంలో మగ్గం పైనుంచి దండలా వేలాడే జకార్డు అట్టల్ని చూసినవాళ్లకి వేరే వివరించనక్కర్లేదు. కన్నం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. బాబేజ్ దగ్గర జకార్డ్ బొమ్మే నేసిన పట్టు చిత్రం ఒకటి ఉండేది. దాన్ని నెయ్యడానికి 24,000 అట్టలు పట్టాయి. అనలిటికల్ ఇంజిన్‌కి ఆదేశాలు ఇవ్వడానికి ఆయన ఆ అట్టల్నే ఎంచుకున్నాడు.

అంటే ఫ్లూట్ బొమ్మ నుంచి మగ్గానికి, మగ్గం నుంచి లెక్కల యంత్రానికి దారి పడింది. ఆ దారిలో వెనక్కి నడిచి, లెక్కల యంత్రం నుంచి మళ్లీ సంగీతాన్ని తీసుకున్న కొందరు స్వరకర్తల గురించి ఇవాళ మాట్లాడుకుందాం. వాళ్ల రచనల్లో ఇవాళ మనం ఎక్కువగా చూసేది ఛాంబర్ సంగీతం. ఒక గదిలో సరిపోయేంత మంది, ఇద్దరు మొదలుకొని పదీ పన్నెండుగురి దాకా కూర్చుని వాయించే సంగీతం అది. పెద్ద ఆర్కెస్ట్రాలో ఒకే వరసను పదహారు వయొలిన్లు కలిసి వాయిస్తాయి. ఒకరు తడబడినా మిగిలినవాళ్లు కప్పేస్తారు. ఇక్కడ ఒక్కో వరసకి ఒక్కరే. ఎవరు ఎప్పుడు అందుకున్నారో, ఎవరు ఎవరికి అందించారో శ్రోతకి విడివిడిగా వినిపిస్తుంది. యంత్రాన్ని గురించి రాయాలనుకున్నవాళ్లకి ఇంతకన్నా తగిన చోటు లేదు. ఎందుకో తెలియాలంటే ఆ యంత్రం ఎలా నడుస్తుందో కాస్త దగ్గరగా చూడాలి.

బాబేజ్ మొదట తలపెట్టింది డిఫరెన్స్ ఇంజిన్. దాని కిటుకు చాలా తేలిక. వర్గసంఖ్యలు తీసుకోండి: 1, 4, 9, 16, 25. పక్కపక్క సంఖ్యల మధ్య తేడాలు 3, 5, 7, 9. ఆ తేడాల మధ్య తేడా ఎప్పుడూ 2. కాబట్టి 2ని 9కి కలిపితే 11. 11ని 25కి కలిపితే 36. గుణకారం చెయ్యకుండా, వట్టి కూడికతో, 6 వర్గం వచ్చేసింది. ఇలా ఎంత దూరమైనా పోవచ్చు. నావికులకీ ఖగోళ శాస్త్రజ్ఞులకీ కావలసిన పట్టికల్ని తప్పు లేకుండా తయారు చెయ్యాలన్నది ఆయన కోరిక. ప్రభుత్వం సుమారు 17,000 పౌండ్లు ఖర్చు పెట్టి, చివరికి 1842లో చేతులెత్తేసింది. ఆ తరువాత 1847 నుంచి 1849 దాకా ఇంకా పొందికైన రెండో డిఫరెన్స్ ఇంజిన్‌కి ఆయన నక్షాలు గీశాడు. అది కాగితం మీదే ఉండిపోయింది.

లండన్ సైన్స్ మ్యూజియంలో డోరన్ స్వేడ్ అనే క్యురేటర్ నడిపించిన బృందం ఆ నక్షాల ప్రకారమే దాన్ని కట్టింది. లెక్కలు చేసే భాగం 1991లో, బాబేజ్ పుట్టిన 200 ఏళ్లకు, సిద్ధమైంది. అచ్చువేసే భాగం తయారవడానికి మరో పదేళ్లు పట్టింది. మొత్తం సుమారు 8,000 భాగాలు, దాదాపు 5 టన్నుల బరువు. చేత్తో పిడి తిప్పితే నడుస్తుంది. వరసగా నిలబెట్టిన ఎనిమిది స్తంభాలు, ఒక్కో స్తంభం మీద ఒకదాని మీద ఒకటి 31 అంకెల చక్రాలు.

అది నడిచే తీరులో నా మనసు పట్టుకున్నవి రెండు సంగతులు. ఒకటి: స్తంభాలన్నీ ఒకేసారి కూడవు. ముందు ఒకటి విడిచి ఒకటిగా సగం స్తంభాలు తమ పక్కవాటికి సంఖ్యలు అందిస్తాయి. అందుకున్నవి మరుక్షణంలో వాటి పక్కవాటికి అందిస్తాయి. ఒక జట్టు పలికినప్పుడు రెండో జట్టు ఆగుతుంది, రెండోది పలికినప్పుడు మొదటిది ఆగుతుంది. రెండు: కూడికలో తొమ్మిది దాటితే పక్క స్థానానికి ఒకటి తీసుకెళ్లాలి కదా, ఆ పని చేసే చేతులు యంత్రం వెనక వైపు మెలితిరిగిన మెట్ల వరసలా అమర్చి ఉంటాయి. అన్నీ ఒక్కసారి కదలవు. కిందనుంచి పైదాకా ఒకదాని తరువాత ఒకటి కదులుతూ పోతాయి. అది నడిచే వీడియో దొరికితే తప్పకుండా చూడండి. ఇత్తడీ ఉక్కూ కలిసి కిందనుంచి పైకి ఒక అల లేస్తుంది. వంతులవారీగా పలకడం, ఒకరి నుంచి ఒకరికి అందిపుచ్చుకోవడం, ఈ రెండూ ఛాంబర్ సంగీతానికి ప్రాణం.

బాబేజ్ యంత్రాలకీ సంగీతానికీ ఉన్న చుట్టరికాన్ని మొట్టమొదట పసిగట్టింది ఏడా లవ్‌లేస్. కవి బైరన్ కూతురు. 1833లో, పదిహేడేళ్ల వయసులో, మొదటి ఇంజిన్‌లో అప్పటిదాకా తయారైన ముక్కని బాబేజ్ ఇంట్లో చూసింది. హార్ప్ వాయించడం అంటే ఆమెకి మహా ఇష్టం. గణితం అన్నా ఇష్టమే. ఇటలీ ఇంజినీరు మెనాబ్రెయా అనలిటికల్ ఇంజిన్ మీద ఫ్రెంచిలో రాసిన వ్యాసాన్ని 1843లో ఇంగ్లీషులోకి తెచ్చి, దానికి సొంతంగా వివరణలు జోడించింది. మూలం కన్నా ఆ వివరణలే పెద్దవి. వాటిలో ఒకచోట ఆమె అన్న మాట సారాంశం ఇది: స్వరాల మధ్య ఉండే సంబంధాలని నియమాలుగా రాయగలిగితే, ఈ యంత్రం ఎంత క్లిష్టమైన, ఎంత పొడుగాటి సంగీతాన్నైనా కూర్చగలదు. అంకెలంటే లెక్కపెట్టుకోవడానికే అనుకునే రోజుల్లో, అంకె దేనికైనా గుర్తుగా నిలబడగలదని ఆమె చూసింది. అదే వివరణల్లో ఇంకోచోట, యంత్రం తనంతట తాను దేన్నీ పుట్టించదనీ, ఎలా చెయ్యాలో మనకి తెలిసి చెప్పినదాన్నే చేస్తుందనీ కూడా రాసింది. మొదటి మాటను అందరూ చెప్పుకుంటారు. రెండోదాన్ని దాని పక్కనే పెట్టి చదివితేనే ఆమె ఆలోచన పూర్తిగా అందుతుంది. ఏ నియమం ఇవ్వాలో ఎంచుకోవడం మనిషి వంతు, దాన్ని అలుపు లేకుండా నడపడం యంత్రం వంతు.

2015లో ఆమె 200వ జయంతి సందర్భంగా ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు డేవిడ్ డి రూర్ ఒక ప్రయోగం చేశాడు. ఆమె 36 ఏళ్లకే పోకుండా ఇంకొంత కాలం బతికి, అనలిటికల్ ఇంజిన్ నిజంగా తయారై ఉంటే, ఆమె దానితో ఎలాంటి సంగీతం చేసి ఉండేది? సంఖ్యల వరస ఒకటి తీసుకుని, దాన్ని ఒక చిన్న సంఖ్యతో భాగించి, మిగిలే శేషాలకి స్వరాలు కట్టడం ఆయన పద్ధతి. దాన్ని మన స్వరాలతో నేను చేసి చూపిస్తాను. కాగితం, పెన్సిలు దగ్గరుంటే మీరూ రాసుకోండి.

వరస ఇది: 0, 1, 1, 2, 3, 5, 8, 13, 21, ఇలా. ముందు రెండూ కలిపితే తరువాతది వస్తుంది. పాశ్చాత్యులు ఫిబొనాచి పేరుతో పిలుస్తారు. ఆయనకన్నా ముందే మన విరహాంకుడు, హేమచంద్రుడు ఛందస్సులో ఇన్ని మాత్రల్ని లఘువు గురువులతో ఎన్ని రకాలుగా నింపొచ్చో లెక్కపెడుతూ ఈ వరసకే చేరారు. ఇప్పుడు ప్రతి సంఖ్యనీ 7తో భాగించి శేషం రాయండి. శేషం సున్నా అయితే స, ఒకటి అయితే రి, రెండు గ, మూడు మ, నాలుగు ప, ఐదు ద, ఆరు ని. మొదటి ఎనిమిది ఇలా వస్తాయి: స రి రి గ, మ ద రి ని. తరువాతి ఎనిమిది: స ని ని ద, ప గ ని రి. పదిహేడో దగ్గర మళ్లీ స, పద్దెనిమిదో దగ్గర రి, అక్కణ్ణించి మొదటికి వచ్చి అదే వరస ఎంతకాలమైనా తిరుగుతూ ఉంటుంది. పదహారు స్వరాలు, అక్షరానికి ఒకటి చొప్పున సరిగ్గా ఆదితాళం రెండు ఆవర్తనాలు.

రెండు ఆవర్తనాల్నీ ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. పైన రి ఉన్నచోటల్లా కింద ని ఉంది. పైన గ ఉంటే కింద ద. పైన మ ఉంటే కింద ప. షడ్జం ఒక్కటే రెండు చోట్లా షడ్జంగా నిలబడింది. రెండో ఆవర్తనం మొదటిదానికి తలకిందుల ప్రతిబింబం. దీన్ని మాయామాళవగౌళలో పాడితే ఇంకో విశేషం బయటపడుతుంది. సంగీతం నేర్చుకునే పిల్లలకి మొట్టమొదట చెప్పే ఆ రాగంలో రిషభం షడ్జానికి ఎంత పైన ఉందో, నిషాదం పై షడ్జానికి సరిగ్గా అంతే కింద ఉంటుంది. గాంధారానికి ధైవతం, మధ్యమానికి పంచమం కూడా అంతే. కాబట్టి ప్రతిబింబం స్వరాల పేర్లలోనే కాదు, చెవికి తెలిసే దూరాల్లో కూడా పొల్లుపోకుండా పడుతుంది. వాద్యం ఉన్నవాళ్లు రెండు వరసల్నీ ఇద్దరి చేత ఒకేసారి వాయింపజేసి చూడండి. ఈ అందాన్ని ఎవరూ ఊహించి పెట్టలేదు. కూడిక, భాగహారం చేస్తూపోతే దొరికింది. అయితే ఏడుతో భాగించాలనీ, ఈ రాగంలో పాడాలనీ ఎంచుకున్నది మనం.

సరిగ్గా ఆ ఎంపిక దగ్గరే బ్రిటన్ స్వరకర్త ఎమిలీ హవర్డ్ పని మొదలవుతుంది. ఆమె ఆక్స్‌ఫర్డ్‌లో గణితం, కంప్యూటర్ సైన్స్ చదివి సంగీతంలోకి వచ్చింది. ఏడా మీద మూడు రచనలు చేసింది. అందులో ఛాంబర్ రచన 'ఏడా స్కెచెస్'. ఒక గాయని, ఒక ఫ్లూట్, ఒక క్లారినెట్, తాళవాద్యాలు, అంతే. చిన్న సంగీత నాటకం. యంత్రాన్ని వేదిక మీదికి తేవడం ఆమెకి ముఖ్యం కాదు. లెక్కతో కుస్తీ పడుతున్న ఒక ఆడమనిషి మనసును పాటలోకి తేవడం ముఖ్యం. ఏడా గురించి వచ్చిన రచనల్లో ఎక్కువ భాగం ఆమెను దేవతను చేసి పటం కట్టాయి. హవర్డ్ మాత్రం పని చేస్తున్న మనిషిగా చూసింది. గణితం చేసినవాళ్లకి తెలుసు, సమాధానం దొరికే ముందు ఒకే చోట ఎన్నిసార్లు తిరుగుతామో. అది తెలిసినవాళ్లే ఇలాంటి పాట రాయగలరు. 2017లో మాంచెస్టర్‌లోని రాయల్ నార్తర్న్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో విజ్ఞానశాస్త్రమూ సంగీతమూ కలిసి పనిచేసే పరిశోధన కేంద్రం మొదలైనప్పుడు దాని బాధ్యత కూడా ఆమే తీసుకుంది.

జకార్డ్ అట్టలు బాబేజ్‌తో ఆగిపోలేదు. తరువాతి కాలంలో అవే పంచ్ కార్డులై జనాభా లెక్కలకీ ఆఫీసు లెక్కలకీ వచ్చాయి. 1959లో ఐబీఎం ప్రకటించిన 1401 కంప్యూటర్ ఆ కార్డుల్నే చదివేది. అది పళ్లచక్రాల యంత్రం కాదు, ట్రాన్సిస్టర్లది. అయినా రేడియోలో మాట్లాడుతూ దాని కథ చెప్పకుండా దాటిపోలేను. ఐస్‌లాండ్‌కి 1964లో అలాంటిది ఒకటి వచ్చింది. దాని బాగోగులు చూసే ఇంజినీరు జోహాన్ గున్నార్సన్. యంత్రం పనిచేసేటప్పుడు దాని మెమరీ నుంచి వెలువడే విద్యుదయస్కాంత తరంగాల్ని పక్కన పెట్టిన రేడియో పట్టుకుంటుందని ఆయన, ఆయన తోటివాళ్లు గమనించారు. తరంగాలు కావలసిన శ్రుతిలో వెలువడేలా ప్రోగ్రాములు రాసి, రేడియోలో చిన్న చిన్న పాటలు పలికించారు. 1971లో యంత్రానికి వీడ్కోలు చెప్పినప్పుడు ఆ పాటల్ని టేపు మీద ఎక్కించారు. ఆయన కొడుకు జోహాన్ జోహాన్సన్ స్వరకర్త అయ్యాడు. ఏళ్ల తరువాత ఆ టేపులు తీసి, వాటి చుట్టూ మొదట ఒక స్ట్రింగ్ క్వార్టెట్‌కి, అంటే నలుగురి తంత్రీవాద్య బృందానికి, సంగీతం రాసి, దాన్నే తరువాత పెద్ద తంత్రీవాద్య బృందానికి విస్తరించి 2006లో ఆల్బంగా తెచ్చాడు. పేరు 'ఐబీఎం 1401, ఎ యూజర్స్ మాన్యువల్'. వినగానే గొంతు పట్టేసే సంగీతం. తండ్రి కాపాడిన యంత్రం గొంతుకి కొడుకు తోడు వాయించాడు. కానీ అందులో యంత్రం ఒక జ్ఞాపకం. దాని నడకని వాద్యకారులు తమ ఒంటి మీదికి తీసుకోరు. ఆ పని చేసింది ఇంకో ఇద్దరు. నా లెక్కలో ఈ దారిలో అందరికన్నా ముందుకి వెళ్లినవాళ్లు వాళ్లే.

మొదటివాడు హంగరీ నుంచి వచ్చిన గ్యోర్గ్ లిగెటి. ఆయన చిన్నప్పుడు గ్యులా క్రూది రాసిన కథ ఒకటి చదివాడు. ఇల్లంతా గడియారాలు టిక్కుటిక్కుమంటుండగా ఒంటరిగా బతికే ఒక విధవరాలి కథ. అది ఆయన్ని జీవితాంతం వదల్లేదు. 1962లో ఆయన నూరు మెట్రోనోములకి ఒక రచన చేశాడు. మెట్రోనోము అంటే లయ చూపించే తాళయంత్రం. దాన్ని కనిపెట్టింది ఆమ్‌స్టర్‌డాంలో ఉన్న వింకెల్. అదే వింకెల్ 1821లో కంపోనియం అనే యంత్రం చేశాడు. దానిలో రెండు పీపాలు. ఒకటి రెండు కొలతల పాటు వాయిస్తుంటే రెండోది నిశ్శబ్దంగా పక్కకి జరిగి కొత్త మేకుల వరస ముందుకి తెచ్చుకుంటుంది. ఎటు జరగాలో ఒక చక్రం యాదృచ్ఛికంగా తేలుస్తుంది. ఇప్పటికీ బ్రస్సెల్స్ వాద్యాల మ్యూజియంలో ఉంది. బాబేజ్ స్తంభాల వంతులాట ఇక్కడ కూడా ఉండటం గమనించండి.

లిగెటి రచనలో నూరు మెట్రోనోములకీ కీ ఇచ్చి, వేరువేరు వేగాల్లో వదిలేస్తారు. మొదట వట్టి హోరు. కీ అయిపోయినవి ఒక్కొక్కటే ఆగిపోతుంటే ఆ హోరులోంచి లయలు విడివడతాయి. నెదర్లాండ్స్‌లోని హిల్వర్సుంలో 1963లో మొదటిసారి ప్రదర్శిస్తే కలకలం రేగి, టెలివిజన్ ప్రసారాన్ని ఆపేశారు. యంత్రం పాడయ్యేటప్పుడు, ఆగిపోయేటప్పుడు దాని లోపలి లెక్క బయటపడుతుందని ఆయనకి అక్కడ రూఢి అయింది.

తరువాత ఆయన ఆ సంగతిని యంత్రాల నుంచి మనుషుల చేతికి మార్చాడు. 1968లో రాసిన రెండో స్ట్రింగ్ క్వార్టెట్‌లో మూడో భాగానికి నిర్దుష్టమైన యంత్రంలా వాయించమని శీర్షిక పెట్టాడు. విల్లుల్ని దాదాపుగా పక్కన పెట్టి, నలుగురూ వేళ్లతో తీగల్ని మీటుతారు. మొదట అందరిదీ ఒకే స్వరం, ఒకే వేగం. అంతలో ఒకరు కొలతలో ఒక మీటు ఎక్కువ వేస్తారు. తరువాత ఇంకొకరు. నలుగురివీ నాలుగు వేగాలవుతాయి. మీటులు ఒకదాని మీద ఒకటి పడి, విడిపోయి, మళ్లీ దగ్గరవుతాయి. పళ్లచక్రాల పళ్లు అరిగి పట్టు తప్పుతున్నట్టు వినిపిస్తుంది. కానీ తప్పుతున్నట్టు వినిపించడానికి ఆ నలుగురు ఎంత కచ్చితంగా ఉండాలి! పక్కవాడి లయ చెవిన పడుతుంటే ఎవరి చెయ్యైనా అటు లాగుతుంది. లాగనివ్వకుండా తన కొలతలో తాను నిలబడాలి. ఆ నిలబడటంలోని బిగువు మనకి వినిపిస్తుంది. నూరు మెట్రోనోముల్లో లేనిదీ, ఈ నలుగురిలో ఉన్నదీ అదే. రెండేళ్లకి పదమూడుగురు వాద్యకారుల కోసం రాసిన ఛాంబర్ కన్చెర్టోలో మూడో భాగాన్ని కూడా ఆయన ఇలాగే యంత్రపు నడకకి ఇచ్చాడు.

రెండోవాడు కాన్లన్ నాన్‌కారో. 1912లో అమెరికాలోని అర్కాన్సాలో పుట్టాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫాసిస్టుల మీద పోరాడటానికి వెళ్లాడు. కమ్యూనిస్టు అని సొంత దేశం పాస్‌పోర్టు ఇవ్వకపోతే 1940లో మెక్సికో నగరానికి వెళ్లిపోయి, అక్కడే స్థిరపడ్డాడు. ఆయన తలలో ఉన్న లయలు అప్పటి వాద్యకారుల చేతికి లొంగలేదు. రాసిన ఛాంబర్ రచనని న్యూయార్క్‌లో సరిగ్గా వాయించలేకపోయారు. ఆ చేదు ఆయన్ని ప్లేయర్ పియానో వైపు తోసింది. కాగితం చుట్టలో కన్నాలుంటాయి. కన్నం వచ్చినచోట గాలి లోపలికి దూరి, సుత్తి తీగని కొడుతుంది. జకార్డ్ అట్టకీ దీనికీ తేడా ఏముంది? 1947లో కన్నాలు పొడవడానికి ప్రత్యేకంగా ఒక యంత్రం చేయించుకుని, ఆ తరువాత దశాబ్దాల పాటు ఒంటరిగా కాగితం పొడుస్తూ కూర్చున్నాడు. కొన్ని నిమిషాల పాటకి నెలల తరబడి పని. అలా వచ్చిన సుమారు యాభై స్టడీలు ఇరవయ్యో శతాబ్దపు లయశాస్త్రానికి గని లాంటివి. ఒకదానిలో రెండు వరసల వేగాల నిష్పత్తి గణితంలోని ఇ, పై అనే రెండు సంఖ్యల నిష్పత్తి. మనుషులెవరూ మనసులో పట్టుకోలేని కొలత.

1980 ప్రాంతంలో లిగెటి పారిస్‌లో ఆయన రికార్డులు విని నిర్ఘాంతపోయాడు. ఇంత గొప్ప స్వరకర్త ఉన్నాడని కనిపించినవాళ్లందరికీ చెప్పాడు. నాన్‌కారోకి డెబ్బయ్యేళ్లు దగ్గర పడ్డాక లోకం ఆయన తలుపు తట్టింది.

అప్పుడు జరిగినదే నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా విలువైనది. ఆయన యంత్రానికి రాసిన సంగీతం విని పెరిగిన ఒక తరం వాద్యకారులు, మాకూ రాయండి, వాయిస్తాం అని ముందుకొచ్చారు. అర్దిత్తి క్వార్టెట్ కోసం ఆయన 1987లో మూడో స్ట్రింగ్ క్వార్టెట్ రాశాడు. నలుగురూ ఒకే పాటను నాలుగు వేగాల్లో వాయిస్తారు. ఆ వేగాల నిష్పత్తి 3, 4, 5, 6. మన మృదంగ విద్వాంసుడు తని ఆవర్తనంలో తిస్రం, చతురశ్రం, ఖండం అంటూ గతి మారుస్తాడు. ఒకదాని తరువాత ఒకటి. ఇక్కడ ఆ గతులన్నీ నలుగురి మధ్య ఏకకాలంలో నడుస్తాయి, చివరిది తిస్రానికి రెట్టింపు. ఎవరి కొలత వాళ్లది, అయినా పాట ఒక్కటే. నలభై ఏళ్ల కింద ఎవరూ వాయించలేరనుకుని మనుషుల్ని వదిలేసిన మనిషి, తన డెబ్బయి అయిదో ఏట నలుగురు మనుషుల కోసం ఇలాంటిది రాశాడు. మధ్యలో ఆ కాగితం చుట్టలు లేకపోతే ఆ నలుగురి చేతులకి ఇది సాధ్యమని ఎవరికీ తోచేది కాదు. యంత్రం ముందు చేసి చూపించింది, మనుషులు విని నేర్చుకున్నారు.

ఇంటర్నెట్టులో ఈ రికార్డింగులన్నీ దొరుకుతాయి. నా మాట వింటే ఒక వరసలో వినండి. ముందు నాన్‌కారో ఇరవై ఒకటో స్టడీ. కెనాన్ ఎక్స్ అని దాని పేరు. మూడు నిమిషాలే. కింది వరస నెమ్మదిగా మొదలై వేగం అందుకుంటుంది, పై వరస విపరీతమైన వేగంతో మొదలై నెమ్మదిస్తుంది. మధ్యలో ఒకచోట రెండూ ఒకే వేగంలో కలిసి దాటిపోతాయి. ఆ చోటు ఎక్కడో చెవితో పట్టుకోవడానికి ప్రయత్నించండి. తరువాత లిగెటి రెండో క్వార్టెట్‌లో మూడో భాగం. చివరికి నాన్‌కారో మూడో క్వార్టెట్. మొదటిసారి విన్నప్పుడు నలుగురినీ వెంబడించకండి, తప్పిపోతారు. అన్నిటికన్నా కింద పలికే చెల్లో ఒక్కదాన్నే పట్టుకుని చివరిదాకా వెళ్లండి. రెండోసారి వయోలా. మూడోసారి ఎవర్నీ పట్టుకోకుండా వినండి.